మామ చూసిన ఎడారి

మా మనుమరాలు లడాఖ్ కొండలూ జైసల్మేర్ ఇసుకా తిరిగొచ్చి, ఒక సంచీని హాలు మధ్యలో దించింది. సంచీ అంటే తనకు కోపం, దానికేదో పేరుందట. ఎద్దును బండికి కట్టడానికి కావలసినన్ని పట్టెలూ కొక్కేలూ ఉన్నాయి దానికి. ఇక జేబులు చెప్పనక్కర్లేదు. పళ్లు తోముకునే బ్రష్షు ఏ జేబులో ఉందో తెలియక మొత్తం బోర్లించింది, ఇల్లంతా ఇసుకైంది. మధ్యలో విమానమొకటి రద్దయి ఒక రోజంతా విమానాశ్రయంలో కూర్చోవలసి వచ్చిందట. ఆ కష్టాన్ని చల్లగాలిలో, మెత్తటి కుర్చీలో, కాఫీ మీద కాఫీ తాగుతూ ఎట్లా ఓర్చుకున్నదో వచ్చినప్పటి నుంచీ చెబుతున్నది. నేను ఊకొడుతుంటే, "నీకేం తెలుస్తది తాతా, నువ్వు సిరిసిల్ల దాటితే గదా" అన్నది. పక్కన మంచం మీద కూర్చున్న మా రుక్మాబాయి అత్త ఆ మాటకు నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అత్త అంటే మా రాజలింగం మామ భార్య. వరుసకు అత్తే గాని నాకంటే రెండేళ్లే పెద్ద. మామ పోయి చాలా కాలమైంది. కంటి ఆపరేషను కోసం ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాం. కట్టు విప్పిన నాటి నుంచి ఆమెకు అందరి ముఖాల మీది ముడతలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఒక్కొక్కరినీ పిలిచి గింత ముసలోనివైనవేందిరా అని పరామర్శిస్తున్నది. ఆమె నవ్వు ఎందుకో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. నేను సిరిసిల్ల దాటాను. కొండలెక్కాను, ఎడారీ దాటాను. దారిలో మమ్మల్నీ ఒక వాహనం నట్టనడుమ వదిలేసి పోయింది. వీపు మీద మూట కూడా ఉండేది, కాకపోతే దాన్ని మోసింది మామ.

మా ఇల్లు నేతగాళ్ల వాడలో ఉండేది. అప్పటికింకా మరమగ్గాలు రాలేదు. వాడంతా చేతి మగ్గాల టకటకలే, అవి ఆగితేనే జనం ఏమైందని బయటికొచ్చి చూసేవాళ్లు. తెల్లవారక ముందే అవ్వ, మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్లం, పెద్ద గంజు పొయ్యి మీద పెట్టి జొన్నపిండితో గంజి కాచేది. ఆ పులిసిన వాసన మా బట్టల్లో, జుట్టులో, పెళ్లి భోజనాల్లో కూడా మమ్మల్ని పట్టిచ్చేది. ఎండ రాకముందే మా నాయన బాపు పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి, రెండు కొసలూ గుంజలకు కట్టి, గంజి పట్టించి పెద్ద కుంచెతో దువ్వేవాడు. నిజం చెప్పాలంటే మా తలలు దువ్వినదానికంటే శ్రద్ధగా దువ్వేవాడు. ఆ సమయంలో బండి వస్తే బండే ఆగాలి, పటేలు వస్తే పటేలే ఆగాలి. పడుగు ఆరేవరకు వాడలో ఏ ఇంటి మేకనూ విప్పకూడదు. గంజి వాసన తగిలితే మేక నూలును నమిలి పారేస్తుంది. చిన్నప్పుడు నా ఉద్యోగం మేకల కాపలా. ఇంతా చేసి బాపు పడుగుతో మాట్లాడినంత మెత్తగా మాతో మాట్లాడేవాడు కాదు. మాతో చెప్పవలసినవన్నీ చుట్ట నోట్లో పెట్టుకుని ఒక్క మూలుగుతో చెప్పేవాడు. మూలుగు పొడుగును బట్టి అది అన్నం పెట్టమనో, నోరు మూయమనో మేమే అర్థం చేసుకోవాలి.

రాజలింగం మామ అవ్వకు తమ్ముడు. గత్తర, అంటే కలరా వచ్చి తల్లీ తండ్రీ ఒకే వారంలో పోతే అవ్వ ఎత్తుకొచ్చి పెంచింది. రెండో మగ్గం అతనిది. చేతిలో పని బంగారం, నోట్లో మాత్రం నిజమన్నది నిలిచేది కాదు. ఒకసారి మిల్లులో పనిచేస్తానని షోలాపురం పోయి నెల తిరగకుండానే ఇంటికొచ్చాడు. ఎందుకొచ్చావని అడగకముందే తాను హిమాలయాలకూ మార్వాడ్ ఎడారికీ పోయి వచ్చానని చెప్పాడు. బజారులో బట్టల సేటు దుకాణంలో రెండు క్యాలెండర్లు వేలాడుతుండేవి. ఒకదాని మీద ఇసుక దిబ్బలూ ఒంటే, రెండోదాని మీద మంచుకొండ మీద కూర్చున్న శివుడు. మామ యాత్రంతా ఆ రెండు మేకుల మధ్యే జరిగిందని నా అనుమానం. హిమాలయాల్లో ఉమ్మితే కింద పడేలోపు గడ్డకట్టి టక్కుమని మోగుతుందనేవాడు. ఎడారిలో ఒంటె తన మూటకు మూతి తుడుచుకున్నదనేవాడు. షోలాపురం నుంచి హిమాలయం ఏ దిక్కురా అని బాపు అడిగితే, రైలు ఏ దిక్కు పోతే ఆ దిక్కు బావా అన్నాడు. బాపు మూలిగాడు, చాలా పొడుగ్గా.

ఈ నోటివల్లే మామకు పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధమల్లా చూపుల దాకా వచ్చి, అక్కడ మామ నోరు తెరవగానే వెనక్కి పోయేది. ముప్పై ఏళ్లు మీదపడ్డాయి. మా కులంలో ఆ వయసుకు కొడుకులు నూలు కండెలు చుట్టాలి. అవ్వ పొద్దున గంజి కలుపుతూ ఒకసారి, రాత్రి రాట్నం తిప్పుతూ ఒకసారి ఏడ్చేది. అప్పుడు నూలు అమ్మేవాడొకడు నిర్మల్ ఘాటు కొండల అవతలి నుంచి ఒక సంబంధం తెచ్చాడు. పిల్ల తండ్రిది వారపు అంగళ్లలో బట్టల వ్యాపారం. నూలు బేరగాడు పిల్లవాడి గొప్ప చెప్పబోయి, ఆస్తి ఏమీ దొరకక, కొండలూ ఎడారులూ చూసినవాడని చెప్పి వచ్చాడట. ఊళ్లు తిరిగే ఆ తండ్రికి అది నచ్చింది. కాకపోతే భైంసా నుంచి ఇంకొక సంబంధం కూడా ఉంది, పత్తి మిల్లులో వాటా ఉన్నవాళ్లు. వాళ్లు అంగడి రోజు, అంటే బుధవారం వస్తున్నారు. ఆ రోజు పొద్దుగూకేలోపు మీవాడు కూడా వచ్చి చీర చూపిస్తే చూస్తాం, లేకపోతే భైంసా వాళ్లకు మాట ఇస్తాం అని ఆయన కబురు.

చీర చూపడమన్నది మా వాళ్లలో ఒక ఆనవాయితీ. పిల్లను చూడక ముందు పిల్లవాడు తన చేత్తో నేసిన చీరను పిల్ల ఇంటి ముసలమ్మ చేతిలో పెట్టాలి. ఆమె దాన్ని నలిపి, వాసన చూసి, అంచు కంటి దగ్గర పెట్టుకుని, పిల్లవాడు ఎంత బుద్ధిమంతుడో తేల్చేది. పెద్దలు ఆ రోజు పోరు, పిల్లవాడు తోడుగా ఒకరిని తీసుకుపోతాడు. మాట ఖాయమైతేనే పెద్దల రాకపోకలు. మామ ఆ చీర మీద కూర్చున్నన్ని రోజులూ నోరు తెరవలేదు. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. పోగు తెగితే ముడి కనిపించకుండా వేయడానికి ఊపిరి బిగబట్టేవాడు. మగ్గం మీంచి దించిన రోజు అవ్వ దాన్ని చూసి, తమ్ముడి తల మీద చేయి పెట్టి, "గీ సంబంధం తప్పిందంటే నేను మల్ల నీకు పిల్లను జూడ రాజలింగం. నాతోని గాదు ఇగ" అన్నది. మామ ఏదో అబద్ధం చెబుతాడని ఎదురుచూశాను. తలవంచుకుని ఊరుకున్నాడు. అతన్ని అట్లా చూడటం అదే మొదటిసారి, నాకు భయమేసింది.

తోడు నేను. అప్పుడు నాకు పదిహేడో పద్దెనిమిదో. సోమవారం చీకటితోనే బయలుదేరి, కరీంనగర్‌లో బస్సు మారి, జగిత్యాల మీదుగా మెట్‌పల్లి దాటాం. మామ కొత్త ధోతి కట్టాడు, బాపు కిర్రుచెప్పులు అడుక్కుని వేసుకున్నాడు. సంచీ బస్సు మీద వేశాం గాని చీరను మాత్రం నా తువ్వాలలో చుట్టి, వీపుకు మూటగా కట్టుకుని, కొసలు రొమ్ము మీద ముడి వేసుకున్నాడు. సీటుకు ఆనుకుంటే నలుగుతుందని అంత దూరం ముందుకు వంగి కూర్చున్నాడు. మెట్‌పల్లి దాటాక బస్సు దగ్గి ఆగింది. డ్రైవరు మగవాళ్లందరినీ దిగి తోయమన్నాడు. బాపు చెప్పులు పాడవుతాయని మామ వాటిని విప్పి సీటు కింద పెట్టాడు, నావి కూడా పెట్టించాడు. అందరం తోశాం. బస్సు ఒక్కసారి అదిరి కదిలింది. ఆపితే మళ్లీ ఆగిపోతుందని డ్రైవరు ఆపలేదు. మిగిలినవాళ్లు పంచెలెగ్గట్టి పరుగెత్తి ఎక్కేశారు. మామ మూట కదలకుండా పరుగెత్తబోయి ఎక్కలేకపోయాడు, అతన్ని వదిలి నేనెక్కలేకపోయాను. బస్సుతో పాటు మా సంచీ, చద్దిమూట, దారి ఖర్చు, రెండు జతల చెప్పులు దుమ్ములో కలిసిపోయాయి. ఇప్పుడు విమానం రద్దయితే ఎవరో వచ్చి క్షమించమని అడుగుతారట. మాకు వెనక కిటికీలోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు.

ఇంకో బస్సు మర్నాటికి గాని లేదు, ఉన్నా ఊరికే ఎక్కించుకునేవాడు లేడు. ఇంటికి పోదామన్నాను. మామ ఎండలో నిలబడి కాసేపు ఆలోచించి, నేతగాడి లెక్క ఒకటి తీశాడు. బస్సు దారి ఆర్మూరు దాకా పడమటికి పోయి, అక్కడ ఉత్తరానికి మళ్లి, సోను వంతెన మీద గోదావరి దాటి నిర్మల్‌కు చేరుతుంది. "గదంత చుట్టు తిరుగుడు అల్లుడా. మనం పేక పోయినట్టు అడ్డం పడి పోదాం. ఎండకాలం గోదారిల నీళ్లేడున్నయి, ఇసుకనే గదా" అన్నాడు. లెక్క బాగానే ఉంది. ఎండాకాలపు ఇసుక ఎట్లా ఉంటుందో మాత్రం లెక్కలోకి రాలేదు. పగలంతా మగ్గం గుంటలో నీడన కాళ్లు వేలాడేసుకుని బతికేవాళ్లం మేము. మా అరికాళ్లు పసిపిల్లల బుగ్గల్లా ఉండేవి. దారి మీద దొరికిన ఎడ్ల బండి సాయంత్రానికి మమ్మల్ని ఏటి ఒడ్డున ఒక ఊళ్లో దించింది. ఎవరో ఇంత జొన్న గటక పెట్టి అరుగు చూపించారు.

తెల్లవారగానే దాటి ఉంటే ఏ గొడవా లేకపోయేది. కాని పొద్దున్నే ఆ అరుగు దగ్గర నలుగురు చేరారు, ఏ ఊరని అడిగారు, మామకు నోరు ఊరింది. మార్వాడ్ ఎడారి మొదలుపెట్టాడు. ఇసుక ఎంత కాలుతుందంటే పిండి ముద్ద దాని మీద పెడితే రొట్టె అవుతుందన్నాడు. నేను మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. ఎడారి పూర్తయ్యేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అట్లా ఎడారి గురించి అబద్ధం చెబుతూ కూర్చున్నందుకు మాకు నిజం ఎడారి ప్రాప్తించింది.

గోదావరి అక్కడ అవతలి గట్టు కనిపించనంత వెడల్పు. తెల్లటి ఇసుక మీద గాలి ఆవిరై ఆడుతున్నది. కొంతదూరం పరుగెత్తాం. తర్వాత ఒంటికాలి మీద గెంతాం. తర్వాత ఏ కాలు కింద పెట్టాలో తెలియక ఇద్దరం ఒకరి పాదాల మీద ఒకరు ఎక్కబోయాం. ఇసుక నడుమ చెట్టు లేదు, రాయి లేదు, వెనక్కి పోవాలన్నా అంతే దూరం. నాకు ఏడుపొచ్చింది. చీర పరుచుకుని దాని మీద నడుద్దాం మామా, తర్వాత దులుపుకోవచ్చు అన్నాను. మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తన ధోతి విప్పాడు. గోచీ మీద పొడుగు అంగీతో నిలబడి, ధోతిని పడుగు పరిచినట్టు ఇసుక మీద పొడుగ్గా పరిచాడు. దాని మీద కొస దాకా నడిచి, వెనుదిరిగి, వెనక కొసను లాగి ముందుకు వేసి, మళ్లీ నడిచాం. వినడానికి బాగుంటుంది. ధోతి తిరగేసినప్పుడల్లా కాలిన ఇసుక పైకొచ్చి అంటుకునేది, ఒకరు ధోతి లాగుతుంటే రెండోవాడు దాని మిగిలిన కొస మీద గెంతుతుండేవాడు. గుడ్డ చాలనప్పుడు మామ నన్ను దాని మీదికి నెట్టి తాను ఇసుక మీద నిలబడేవాడు. మార్వాడ్‌లో కూడా ఇట్లాగే ఉంటుందా మామా అని కసిగా అడిగాను. అతను పెదవులు తడుపుకుని, "ఒంటె లేదు. గంతే తేడా" అన్నాడు.

ఏటి నడుమ సన్నటి పాయ ఒకటి పారుతున్నది. ఇద్దరం నడుము లోతు నీళ్లలో కూలబడ్డాం. అంత బాధలోనూ మామ మూటను తల మీద పెట్టుకునే కూర్చున్నాడు. ధోతిని ఒడ్డున పరిచి వచ్చాడు. వాడలో మేకలు కాచిన నేను, పుట్టినప్పటి నుంచి పడుగు దగ్గర మేకలను తరిమిన అతను, ఇద్దరం అవతలి ఒడ్డు నుంచి వస్తున్న మేకల మందను చూస్తూనే ఉన్నాం. చల్లదనంలో బుర్ర పనిచేయలేదు. కొత్త ధోతి, నిండా జొన్నగంజి. మేము నీళ్లలోంచి లేచేసరికి నాలుగు మేకలు నాలుగు కొసలు నములుతున్నాయి. మంద వెనక వచ్చిన గొల్లావిడ మమ్మల్ని చూసి నవ్వీ నవ్వీ కర్ర వదిలేసింది. మా అరికాళ్లు చూశాక మాత్రం నవ్వు ఆపి, తన అంబలి మాకు పోసి, ఒడ్డు నుంచి మోదుగ ఆకులు తెచ్చి, మిగిలిన ధోతి పీలికలతో మా కాళ్లకు కట్టింది. నా తువ్వాలను కూడా ఆ కట్లకే చింపాం. ఆకుల చెప్పులతో, గోచీతో, చీరను రొమ్ముకు హత్తుకుని మామ గోదావరి దాటాడు.

తర్వాత కొండలు. వెదురు వేసుకుపోతున్న బండి ఒకటి మమ్మల్ని నిర్మల్ దాకా మోసింది. బుధవారం పొద్దు పొడవక ముందే ఘాటు ఎక్కడం మొదలుపెట్టాం. టేకు చెట్లు ఆకులన్నీ రాల్చుకుని నిలబడ్డాయి, కాళ్ల కింద ఆ ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. మలుపు మీద మలుపు, ఏ మలుపుకామలుపు ఇదే ఆఖరుదని చెప్పి మోసం చేస్తున్నది. కలప లారీ ఒకటి వచ్చి నెమ్మదించింది గాని, గోచీ మనిషి చేతులు ఊపుతూ అడ్డం రావడం చూసి వేగం పెంచింది. మామ కాళ్ల కట్లలోంచి రక్తం కారుతున్నది. ఎక్కి ఎక్కి పైకి చేరాం. చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగితే అంత దూరాన గోదావరి తెల్లటి గీతలా కనిపించింది. మామ ఆ అంచున నిలబడి, నోరు నింపుకుని ఉమ్మాడు. తల వంచి చెవి పెట్టి విన్నాడు. అది టక్కుమనలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, కడుపులు పట్టుకుని, ఆ రాళ్ల మీద పొర్లి నవ్వాం. నవ్వి నవ్వి మామ ఏడుపులో పడ్డాడు. "నేను ఏడికి పోలే అల్లుడా. షోలాపురంల మిల్లోడు తీసుకోలే. ఉత్త చేతుల్తోని వచ్చిన అంటే అక్క బాధపడ్తదని గట్ల చెప్పిన. గీపారి గూడ ఉత్త చేతుల్తోని ఏం మొకం బెట్టుకొని పోవాలె?" అన్నాడు. అతను నాతో చెప్పిన మొదటి నిజం అది. చేతిలో చీర ఉంది గదా అన్నాను.

ఊరు దగ్గరపడింది. గోచీతో పిల్ల ఇంటికి పోలేడు. నా లాగు అతనికి తొడ దాకా రాదు. ఇద్దరి దగ్గరా ఒంటి మీదివి పోను మిగిలిన బట్టల్లా ఆ చీరే. అతను దాన్ని విప్పి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చెట్టు చాటుకు పోయి, ధోతి కట్టినట్టు కట్టుకొచ్చాడు. ఎనిమిది గజాల బట్ట కదా, ఎన్ని కుచ్చిళ్లు పోసినా మిగిలిపోయింది. మిగిలిందంతా కాళ్ల మధ్య నుంచి తీసి వెనక కాశెపోసి దోపాడు. ఆ దిక్కు ఆడవాళ్లు మరాఠీ పద్ధతిలో చీరను సరిగ్గా అట్లాగే కాశెపోసి కట్టుకుంటారని మాకు అంగడి తోవలో పడ్డాక తెలిసింది. మా ముందొక పది మంది, వెనకొక పది మంది, అందరిదీ మామ కట్టే. వెనకనుంచి ఒక ముసలామె ఏ ఊరికి పోతున్నావు బిడ్డా అని మరాఠీలో ఆప్యాయంగా పలకరించి, మామ వెనుదిరగగానే మీసాలు చూసి తట్ట కింద పడేసింది.

పిల్ల ఇంట్లో భైంసా పిల్లవాడు అప్పటికే వచ్చి ఉన్నాడు. పరుపు మీద కూర్చుని, ఇస్త్రీ బట్టల్లో, తమలపాకు నములుతున్నాడు. మామ గడపలో నిలబడగానే ఇల్లంతా మాట ఆగింది. లోపలి వాకిలి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల తండ్రి ముఖం ఎర్రబడింది. పిల్ల నాయనమ్మను వాళ్లు ఆజీ అని పిలిచేవాళ్లు. ఆమె మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, తొణక్కుండా, చీర ఏదని అడిగింది. మామ కళ్లు దించుకుని, "కట్టుకున్న" అన్నాడు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. తండ్రి ఎగతాళిగా, హిమాలయాలు తిరిగిన మనిషివట గదా, గిదేనా అక్కడి కట్టు అన్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. మంచుకొండ ఊడిపడుతుందనుకున్నాను.

"నేను హిమాలయం పోలే, మార్వాడ్ పోలే" అన్నాడు మామ. "షోలాపురం పోయిన, వాపస్ వచ్చిన. బస్సు ఇడిసిపెట్టి పోతే గోదారి ఇసుకల వడి, గీ ఘాటెక్కి వచ్చిన. నేను జూసిన ఎడారి గదే, కొండ గిదే. చీర మాత్రం నేనే నేసిన."

తండ్రి లేచి, ఇక చూసేదేముందన్నట్టు నిలబడ్డాడు. ఆజీ చేత్తో అతన్ని కూర్చోమని సైగ చేసి, మామ వైపు తిరిగి, "జర నడువు బిడ్డా. గా గోడ దాంక పోయి రా" అన్నది. చూపుల్లో పిల్లను నడిపిస్తారు, కాలు వంకరేమోనని. ఆ రోజు మా మామ ఒంటి మీద చిలకపచ్చ చీరతో, కాళ్లకు మోదుగ ఆకులతో, పోయేటప్పుడు కుంటుతూ, వచ్చేటప్పుడు కుంటుతూ నడిచాడు. ఆజీ ఆపి, వెనక్కి తిప్పి, అంచు కంటి దగ్గర పెట్టుకుని, కాశె లాగి నలిపి వాసన చూసింది. భైంసా పిల్లవాడు తమలపాకు నమలడం మానేశాడు. అంత అడవి దాటి వచ్చినా అంచు ఎక్కడా ముడుచుకోలేదని ఆజీ గోడలకు చెప్పినట్టు చెప్పింది. తర్వాత లోపలికి పోయి పిల్లతో ఏదో మాట్లాడి వచ్చింది. ఆమె వెనకే పసుపూ నూనే ఉన్న గిన్నె పట్టుకుని ఆ పిల్లే వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, దాన్ని మామ కాళ్ల దగ్గర పెట్టి పోయింది. భైంసా వాళ్ల బండి ఎడ్ల గంటలు కాసేపటికే వీధిలో మోగాయి.

మిల్లు వాటా వదులుకుని ఆ ఆకుల చెప్పుల మనిషిని ఎందుకు చేసుకున్నావని నేను అత్తను చాలా ఏళ్ల తర్వాత అడిగాను. ఆమె రొట్టె తట్టుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "అందరు కూసోమన్నరు. కాళ్లు గట్ల పలిగి నెత్తురు గారుతున్నయ్. చీర నలుగుతదని మీ మామ కూసోలే. గది నాకు రావల్సిన చీర గదా."

పెళ్లయ్యాక మామ బుద్ధిగా ఉన్నాడనుకుంటే పొరపాటు. మళ్లీ మొదలుపెట్టాడు. వాడలో పిల్లలందరికీ హిమాలయాలు చెప్పాడు, తన పిల్లలకు చెప్పాడు, మగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాక ఆ చప్పుడులో కూడా అరిచి చెప్పాడు. ప్రతి ఎండాకాలం అత్తతో, వచ్చే ఏడు నిన్ను మార్వాడ్ తీసుకుపోతా అనేవాడు. ఆ వచ్చే ఏడు రానేలేదు. నాకు కోపం వచ్చేది. ఆమె మాత్రం ఎవరిముందూ కాదనలేదు. పైగా అతను మరిచిపోతే పక్కనుంచి, ఒంటె సంగతి చెప్పలేదు అని అందించేది. అప్పటి మనుషులు గొప్పవాళ్లనీ ఇప్పటివాళ్లు కారనీ నేనను. అప్పుడు కూడా మంచి చెప్పులుంటే మేము శుభ్రంగా చెప్పులేసుకునే పోయేవాళ్లం. మా మనుమరాలు నిజంగా అంత దూరం పోయి, నిజంగా చూసి వచ్చింది. అందుకు నాకు గర్వంగానే ఉంది. అయితే మామ ఎక్కడికీ పోకుండా ఒకామెకు జీవితాంతం చూపించాడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ దూరమో కొలిచే గజం నా దగ్గర లేదు.

ఆ సాయంత్రం మనుమరాలు ఫోను తెచ్చి అత్త కళ్ల ముందు పెట్టింది. కంటి డాక్టరు ఎక్కువ చూడొద్దన్నాడని నేను వారించబోయాను, వినలేదు. తెరంతా ఇసుక. దిబ్బ వెనక దిబ్బ, చివరన ఒక ఒంటె. అత్త ఫోనును రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని, చాలాసేపు చూసింది. ఆపరేషను కంట్లో నీళ్లు తిరిగాయి. వద్దంటే వింటేనా అని నేను లేవబోయాను.

"అచ్చం మీ మామ చెప్పినట్టే ఉన్నది" అన్నది.

మనుమరాలు ఆశ్చర్యపోయి, రాజలింగం పెద్దతాత నిజంగా అక్కడికి పోయిండా అని నన్ను అడిగింది. అత్త ఫోను మీంచి చూపు ఎత్తి నా వైపు చూసింది. ఆ కొత్త కంటికి నా ముఖం మీది ముడతలన్నీ కనిపిస్తున్నాయని నాకు తెలుసు.

"పోయిండు బిడ్డా" అన్నాను. "నేను గూడ ఎంబడున్న."